అరవై మూడు మార్కుల మాస్టారు

సోషల్ వర్క్ చదువుతున్న పిల్లలూ, ఆ పాఠాలు చెప్పడం ఇప్పుడిప్పుడే మొదలుపెట్టిన మాస్టార్లూ, ఇది మీ కోసం రాస్తున్నాను. మిగతావాళ్ళు చదివినా నాకేమీ అభ్యంతరం లేదు. పరువు ఎలాగూ పోతుంది, పదిమంది ముందు పోతేనేం, వందమంది ముందు పోతేనేం.

బందరులో ఒక కాలేజీలో ఇరవై ఆరేళ్ళు పనిచేసి రెండేళ్ళ కిందట రిటైరయ్యాను. అందులో పందొమ్మిదేళ్ళు ఫీల్డ్‌వర్క్ నేనే చూసుకున్నాను. అంటే పిల్లల్ని ఊళ్ళలోకి, పేటల్లోకి, పాలేల్లోకి పంపి, అక్కడివాళ్ళతో కలిసి పనిచేయడం నేర్పించడమన్నమాట. వీడ్కోలు సభలో నన్ను ఎంతగా పొగిడారంటే, ఆ మహానుభావుడెవరో ఒకసారి చూసి రావాలని నాకే అనిపించింది. ఇంత పొగిడినవాళ్ళలో ఒక్కరు కూడా నేను పెట్టిన పరీక్షలో నేనే తప్పిన సంగతి ఎత్తలేదు. తెలిసినవాళ్ళు ఇద్దరు ముందు వరసలోనే కూర్చున్నారు. మర్యాదకి ఊరుకున్నారు. నాకు ఆ మొహమాటం లేదు కాబట్టి చెబుతున్నాను.

ఆ ఏడాది మా కాలేజీకి గ్రేడు ఇవ్వడానికి పై నుంచి కమిటీ వస్తోంది. కమిటీ అంటే ఏమిటో మీకు తెలిసే ఉంటుంది. గోడలకి సున్నం పడింది. ఎండిపోయిన తోటలోకి పూలకుండీలు అద్దెకి వచ్చాయి. లైబ్రరీలో ఎవరూ తెరవని పుస్తకాలను పిల్లల చేతికిచ్చి, పేజీలు కాస్త నలిగేట్టు తిప్పమన్నారు. ఈ హడావిడిలో ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచారు.

“మాస్టారూ, మీ డిపార్టుమెంటు నుంచి నాకొక అంకె కావాలండీ.”

“ఏ అంకె అండీ?”

“ఏదైనా సరే. కొలిచినట్టుండాలి. సేవ చేశాం, సేవ చేశాం అని అన్ని కాలేజీలవాళ్ళూ రాస్తున్నారు. కొలిచామని ఎవరూ రాయట్లేదు.”

రెండు రోజులు ఇంటర్నెట్టులో వెతికి నేనొక వస్తువు పట్టుకొచ్చాను. దాని పేరు సాంస్కృతిక సామర్థ్యం. మన విద్యార్థి తనది కాని ఇంటికి వెళ్తాడు. వాళ్ళ కులం వేరు, మతం వేరు, తిండి వేరు, బతుకుతెరువు వేరు. వాళ్ళను చిన్నచూపు చూడకుండా, వాళ్ళ పద్ధతులు తెలుసుకుని, వాళ్ళకు పనికొచ్చేలా మెలగగలడా లేడా అన్నదే ఆ సామర్థ్యం. అది నిజంగా కావలసిన గుణమే. దాన్ని నేను వెక్కిరించడం లేదు. వెక్కిరిస్తున్నది కొలిచిన పద్ధతిని, కొలిచిన మనిషిని.

విదేశాల్లో ఎవరో తయారుచేసిన కొలబద్ద అది. నలభై వాక్యాలు. ఒక్కో వాక్యానికీ ఒకటి నుంచి ఐదు దాకా ఎవరికి వాళ్ళే మార్కులు వేసుకోవాలి. అసలు ఒప్పుకోకపోతే ఒకటి, పూర్తిగా ఒప్పుకుంటే ఐదు. మొత్తం రెండొందలు. నేను దాన్ని తెలుగు చేశాను. మంచు దేశాల సంగతులు తీసేసి, జాతి అన్నచోట కులమని పెట్టాను. ఏడో వాక్యం ఇలా తేలింది: “కొత్త వ్యక్తిని కలిసినప్పుడు వారి కులమేమిటన్న ఆలోచన నాకు రాదు.” ఇరవై మూడోది: “నా పుట్టుక గురించి, నా కుటుంబ నేపథ్యం గురించి ఎవరు అడిగినా తడబడకుండా చెప్పగలను.” అనువాదం చక్కగా కుదిరిందని నాకు నేనే భుజం తట్టుకున్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. కమిటీవాళ్ళు మెచ్చుకోవాలని చివర ఒక నియమం నా సొంతంగా తగిలించాను. వందకి తక్కువ వచ్చినవాళ్ళకి ప్రత్యేక శిక్షణ ఇస్తాం, మళ్ళీ పరీక్ష పెడతాం, నెగ్గేదాకా ఫీల్డుకి పంపం. ప్రిన్సిపాల్ గారు చదివి కుర్చీలోంచి లేచారు. “ఇదండీ నియమమంటే!” అన్నారు. ఎవరైనా తప్పుతారని ఆయనా అనుకోలేదు, నేనూ అనుకోలేదు. తనకి తానే మార్కులు వేసుకునే పరీక్షలో ఎవడు తప్పుతాడు?

చివరి సంవత్సరం పిల్లలు ముప్పై రెండు మంది రాశారు. లెక్కగట్టింది మా సంఖ్యాశాస్త్రం మేడం. గుడివాడ నుంచి రోజూ పొద్దున రైల్లో వచ్చే మనిషి. ఆవిడ అనుమానంగా చూడని అంకె ఈ జిల్లాలో లేదు. ముప్పై ఒక్క కాగితాలు ఒకపక్క, ఒకే ఒక్క కాగితం ఇంకోపక్క పెట్టుకుని కూర్చున్నారు.

“మాస్టారూ, వీళ్ళందరికీ నూట ఎనభై దాటిందండీ. ఒకతనికైతే రెండొందలకి రెండొందలు. ముప్పై ఒక్కమంది మహాత్ములు ఒకే గదిలో కూర్చున్నారంటే నాకు భయంగా ఉందండీ.”

“మన పిల్లలు మంచివాళ్ళండీ.”

“మంచివాళ్ళే. నిన్న క్యాంటీన్‌లో ఏ బల్ల దగ్గర ఎవరెవరు కూర్చున్నారో చూశారా? కొలిస్తే ఆ బల్లల్ని కొలవండి.”

నేను వినిపించుకోలేదు. రెండో పక్కనున్న ఒంటరి కాగితం నన్ను కంగారుపెట్టింది. డెబ్బై ఒక్క మార్కులు. పెడన అమ్మాయిది.

వాళ్ళది కలంకారీ అద్దకం చేసే ఇల్లు. నాన్నా, అన్నా అచ్చుబల్ల దగ్గరే ఉంటారు. సెలవుల్లో ఈ అమ్మాయి కూడా చెయ్యి వేస్తుంది కాబట్టి గోళ్ళ చివర ఎప్పుడూ కాస్త ఎరుపు ఉండేది. మాట తక్కువ, పని ఎక్కువ. ఆ సోమవారం నుంచి మూడు వారాలు పిల్లలందరూ హంసలదీవి దగ్గర ఒక జాలర్ల పాలెంలో ఉండి పనిచేయాలి. అది పూర్తి చేయకపోతే పట్టా లేదు, మళ్ళీ ఏడాది ఆగాల్సిందే. నా నియమం ప్రకారం ఈ అమ్మాయి వెళ్ళకూడదు.

పిలిచి కూర్చోబెట్టాను. “ఏంటమ్మా ఇది? ప్రశ్నలు అర్థం కాలేదా?”

“అర్థమైనయ్ సార్.”

“మరి ఏడో దానికి ఒకటి వేసుకున్నావేం? కొత్తవాళ్ళని చూడగానే కులం గుర్తొస్తుందా నీకు?”

“వస్తది సార్. రాకూడదనుకుంటాను, కానీ వస్తది. మీకు రాదా సార్?”

“నాకా? ఇన్నేళ్ళ నుంచి ఇదే పని చేస్తున్నాను. నాకెందుకొస్తుంది?”

అమ్మాయి బల్లకేసి చూస్తూ, ఏమాత్రం పొగరు లేకుండా అంది. “నేను కాలేజీలో చేరిన రోజు మీరు నా ఇంటిపేరు అడిగారు సార్. తర్వాత పెడనలో ఏ వీధి అన్నారు. తర్వాత నాన్న ఏం చేస్తారన్నారు. చెప్పాక ‘ఓహో’ అన్నారు.”

అడిగిన మాట నిజమే. మీలో ఈ కృష్ణా డెల్టాలో పుట్టినవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. మనం ఎవరినీ కులం అడగం. అడగడం అనాగరికం. ఇంటిపేరు అడుగుతాం. అది చాలకపోతే ఏ ఊరంటాం, ఊళ్ళో ఎటువైపంటాం. మా క్రైస్తవుల్లో ఇంకో ప్రశ్న అదనం, ఏ చర్చికి వెళ్తారని. మూడో ప్రశ్నకో నాలుగో ప్రశ్నకో “ఓహో” అంటాం. ఆ ఓహోతో ఎదుటిమనిషిని ఒక గదిలో పెట్టి తలుపు వేసేస్తాం. ఇదంతా కుశలప్రశ్నల కింద లెక్క.

“అది మర్యాదకి అడిగేదమ్మా,” అన్నాను.

“నేనూ అంతే సార్. మర్యాదగానే అడుగుతాను. అందుకే ఒకటి వేసుకున్నాను.” వెంటనే అసలు సంగతికొచ్చింది. “సార్, సోమవారం నన్ను పంపించకపోతే ఇంకో ఏడాది మా ఇంట్లో ఆగరు. అచ్చుబల్ల దగ్గర ఒక మనిషి తక్కువైందని ఇప్పటికే గొణుగుతున్నారు.”

ఆ మాటకైనా నేను కరగాల్సింది. నియమం రాసినవాడికి ఆ నియమం మీద ఉండే ప్రేమ కన్నబిడ్డ మీద కూడా ఉండదేమో. మూడు రోజులు శిక్షణ ఇస్తాను, మళ్ళీ రాయి అన్నాను. మేడం నన్ను వరండాలో ఆపి, “ఆ పిల్లకి ఐదులు వేసుకోవడం నేర్పండి చాలు, పావుగంట పని,” అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఖాళీ గదిలో ఒక్క విద్యార్థినికి తెర మీద బొమ్మలు చూపిస్తూ మూడు రోజులు సాంస్కృతిక సామర్థ్యం బోధించాను. అమ్మాయి శ్రద్ధగా రాసుకుంది. మళ్ళీ పరీక్ష రాసింది. అరవై తొమ్మిది వచ్చాయి.

“రెండు తగ్గాయేంటమ్మా?”

“మీరు చెప్పాక ఇంకో రెండు తప్పులు తెలిసినయ్ సార్.”

ఇంతలో గురువారం వచ్చింది, కమిటీ వచ్చింది. ఫీల్డ్‌వర్క్ కళ్ళారా చూస్తామన్నారు. సోమవారం మొదలయ్యేదాన్ని గురువారమే మొదలైనట్టు చూపించడానికి పిల్లలందర్నీ బస్సెక్కించాం. పిల్లలు ముప్పై రెండు మందీ కనబడాలని ప్రిన్సిపాల్ గారు పట్టుబట్టడంతో పెడన అమ్మాయిని కూడా తీసుకెళ్ళాం. అయితే నెగ్గలేదు కాబట్టి పాలెంలో ఎవరితోనూ మాట్లాడకూడదు. కమిటీ పెద్దమనిషికి గొడుగు పట్టడానికి నియమించాం. ఇలాంటివి ఇప్పుడు రాస్తుంటే చెయ్యి ఆగిపోతోంది. ఆరోజు మాత్రం చాలా చక్కటి ఏర్పాటనిపించింది.

కమిటీలో ఇద్దరు. ఒకాయన పొద్దున మేం పెట్టిన రొయ్యల వేపుడు మొహమాటం లేకుండా తిని, కోడూరు దాటేసరికి కడుపు పట్టుకుని బస్సులోనే ఉండిపోయారు. రెండో ఆయన వేరే రాష్ట్రంవాడు, తెలుగు ముక్క రాదు. ఆయనకి ఇంగ్లీషులో చెప్పడానికి మా రెండొందల మార్కుల విద్యార్థి సిద్ధంగా ఉన్నాడు.

పాలెంలో ఒక పెద్దావిడ ఇంటి ముందు టార్పాలిన్ పరిచి చేపలు ఎండబెడుతోంది. డెబ్బై దాటిన మనిషి, గొంతు మాత్రం ఖంగుమంటోంది. మా రెండొందలవాడు వంగి నమస్కారం పెట్టి, నోట్‌బుక్ తెరిచి, మొట్టమొదటి ప్రశ్న వేశాడు.

“మామ్మగారూ, మీ ఇంటిపేరేంటండీ?”

నా ప్రశ్నే వాడి నోట్లోంచి వచ్చింది. పెద్దావిడ మాత్రం నవ్వింది. “చెప్తే నీకు తెలిసిపోద్దా ఏంటి? నా సంగతెందుకులే, ఈ పెద్దబాబు ఎవరు?” అని నన్ను చూపించింది.

“మా సార్ అండీ.”

“ఏ ఊరు బాబూ మీది?”

“బందరమ్మా.”

“బందరు ఉద్యోగానికొచ్చిన ఊరు. పుట్టిందెక్కడ?”

“మొవ్వ.”

ఆవిడ మొహం విప్పారింది. “మొవ్వా! నలభై ఏళ్ళు ఎండుచేపల గంప మోశాను బాబూ. బస్సులో వచ్చి చల్లపల్లిలో దిగి, అక్కణ్ణించి ఊరూరూ తిరుక్కుంటా మొవ్వ దాకా వెళ్ళేదాన్ని. మొవ్వలో ఎటేపు?”

ఇక్కడ మీకు నా సంగతి చెప్పాలి. మా ఇల్లు ఊళ్ళో కాదు. కాలవ అవతల పేటలో, అంటే దళితవాడలో. మా అమ్మ నాట్లకి వెళ్ళేది. ఆదివారం తెల్లచీర కట్టుకుని మమ్మల్ని చర్చికి నడిపించేది. నేను చదువుకుని బయటికొచ్చాక ఎవరు ‘ఎటువైపు’ అని అడిగినా నాకొక తయారు జవాబు ఉండేది. ముప్పై ఏళ్ళుగా అదే చెబుతున్నాను, ఎవరూ దాటి అడగలేదు.

“సెంటర్లోనమ్మా,” అన్నాను.

“సెంటర్లో ఎక్కడ?”

ఇది కొత్త. “బస్టాండు పక్కన.”

“బస్టాండు పక్కన అప్పట్లో ఇళ్ళెక్కడియ్యి బాబూ? అంతా వరిచేలేగా!”

ముప్పై రెండు మంది పిల్లలు చుట్టూ నిలబడి ఉన్నారు. “తర్వాత కట్టారమ్మా,” అని ఏదో గొణిగాను. ఆవిడ నన్ను ఒక్క క్షణం చూసింది.

“ఓహో,” అంది.

వెటకారం లేదు, చులకన లేదు. తెలిసిపోయిందంతే. మళ్ళీ చేపల మీదికి వంగి, ఒక్కో చేపనీ తిరగేస్తూ, ఎవరికో చెబుతున్నట్టు మాట్లాడింది.

“నిండు గంప ఒక్క మనిషి వల్ల దిగదు బాబూ. దించాలన్నా ఎత్తాలన్నా ఇంకో చెయ్యి ఉండాల. ఊళ్ళోవాళ్ళు చేపలు కొనేవాళ్ళు గానీ గంప మీద చెయ్యేసేవాళ్ళు కాదు, నీచు వాసనని. మెడ విరిగిపోతున్నా మోసుకునే తిరగాల. కాలవ దాటి అవతలికెళ్తేనే నాకు విశ్రాంతి. అక్కడ ఆడవాళ్ళు నన్ను చూడంగానే ఎదురొచ్చి గంప దించేవాళ్ళు. నీళ్ళిచ్చి, కూచోబెట్టి, మళ్ళా ఎత్తేవాళ్ళు. మొవ్వ అంటే నాకు ఆ కాలవ అవతలే గుర్తు.”

మా అమ్మ నాట్ల నుంచి వచ్చి, బురద ఇంకా ఆరని చేతులతో చేపలావిడ గంప పట్టుకుని దించడం నేను చిన్నప్పుడు ఎన్నోసార్లు చూశాను. ఆ చేపలావిడ ఈవిడేనో, మరొకరో తెలియదు. అడిగితే తెలిసేది. అడగడానికి నేను కాలవ అవతలివాణ్ణని ఒప్పుకోవాలి కదా, నేనేమో అప్పటికే బస్టాండు పక్కన ఇల్లు కట్టేసుకున్నాను. నా జీవితంలో నేను సిగ్గుపడ్డ రోజులు ఉన్నాయి గానీ, ఆ రోజుకి సాటి వచ్చేది ఇంకోటి లేదు.

కమిటీ పెద్దమనిషి, ఆవిడ ఏమంటోందని ఇంగ్లీషులో అడిగాడు. రెండొందలవాడు తడుముకోకుండా చెప్పాడు. సార్ సొంత ప్రాంతపు ఆతిథ్యాన్ని ఈమె గుర్తుచేసుకుని ఆనందిస్తోందని. పెద్దమనిషి తలూపి కాగితం మీద రాసుకున్నాడు. తర్వాత రిపోర్టులో చూశాను. స్థానిక ప్రజలతో అధ్యాపకుడికి అసాధారణమైన సాన్నిహిత్యం ఉందట.

ఆయనకి గొడుగు పట్టుకున్న పెడన అమ్మాయి అంతా విన్నది. బస్సెక్కేటప్పుడు గొడుగు ముడిచి నా చేతికిచ్చింది. “గొడుగు సార్,” అంది. ఇంకేదైనా అని ఉంటే తేలిగ్గా ఉండేది.

సాయంత్రం డిపార్టుమెంటులో కూర్చుని ఖాళీ ఫారం తీసుకున్నాను. ఇన్నాళ్ళూ ఆ నలభై వాక్యాలనూ ఇంకొకళ్ళ చేత రాయించానే గానీ నేను రాయలేదు. ఏడో వాక్యం దగ్గర ఒకటి వేశాను. ఇరవై మూడో వాక్యం దగ్గర పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ‘తడబడకుండా చెప్పగలను.’ ఒకటికి తక్కువ వేసే వీలు ఆ కొలబద్దలో లేదు.

గుడివాడ రైలుకి బయల్దేరబోతున్న మేడం ఆగి కూడికలు చేసిపెట్టారు. “అరవై మూడు. ఎవరిదండీ? ఆ పిల్ల కన్నా తక్కువ వచ్చినవాళ్ళు కూడా ఉన్నారా?”

“నాదేనండీ.”

ఆవిడ కాగితం వంక, నా వంక చూశారు. నవ్వుతారనుకున్నాను. “నాకూ ఒక ఫారం ఇవ్వండి మాస్టారూ,” అని తీసుకుని బ్యాగులో పెట్టుకున్నారు. ఆ ఫారం ఇవాళ్టిదాకా తిరిగి ఇవ్వలేదు.

మర్నాడు శుక్రవారం. ప్రిన్సిపాల్ గారి గదిలోకి వెళ్ళి, పెడన అమ్మాయిని సోమవారం పంపించాలని అడిగాను.

“ఎలా కుదురుతుందండీ? నియమం మీరే రాశారు. కమిటీ చేతిలో ఉంది. వాళ్ళు రేపటిదాకా ఇక్కడే ఉంటారు.”

“అయితే నన్ను కూడా ఆపేయండి.” నా ఫారం బల్ల మీద పెట్టాను. “నాకు అరవై మూడు వచ్చాయి. నియమం ప్రకారం నేనూ ఫీల్డుకి వెళ్ళకూడదు. సూపర్‌వైజర్ లేకపోతే మిగతా ముప్పై ఒక్కమందీ వెళ్ళడానికి లేదు.”

ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివారు. “మీకెందుకండీ ఇన్ని ఒకట్లు? మళ్ళీ రాయండి.”

“మళ్ళీ రాస్తే ఇంకా తగ్గుతాయండీ. నిన్న పాలెంలో పిల్లలందరి ముందు అబద్ధమాడాను. మాది మొవ్వ సెంటరు కాదండీ. కాలవ అవతల.”

ముప్పై ఏళ్ళు దాచినదాన్ని బయటపెడితే గదిలో ఏదో ఒకటి జరగాలి కదా. ఆయన ఫ్యాను స్పీడు కాస్త పెంచి మళ్ళీ కూర్చున్నారు.

“తెలుసండీ మాస్టారూ.”

“తెలుసా?”

“మీరు చేరిన వారంలోనే తెలుసండీ. అందరికీ తెలుసు. మీరు సెంటరంటున్నారు కదా, ఎందుకులే బాధపెట్టడమని…” అని నసిగారు.

అంటే నేను చేరినప్పటి నుంచీ స్టాఫ్‌రూములో, క్యాంటీన్‌లో, చర్చి మెట్ల మీద అందరూ తలుపు వెనక ‘ఓహో’ అనేసి, నా ముందుకొచ్చి సెంటర్లో వర్షాలెలా ఉన్నాయని అడుగుతున్నారన్నమాట. నేను దాచింది ఎవరి దగ్గర? నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కోపం మాత్రం వచ్చింది. ఆయన మీద సగం, నా మీద సగం.

ప్రిన్సిపాల్ గారు తన దగ్గరున్న నియమం ప్రతి బయటికి తీశారు. ఆయన చెడ్డమనిషి కాదు. కాగితానికి కాగితంతోనే జవాబు చెప్పాలని నమ్మే మనిషి. చివరికి ఎర్ర పెన్ను తీసి, నియమంలో ‘వంద’ అన్నచోట కొట్టేసి ‘అరవై’ అని రాసి, పక్కన సంతకం పెట్టారు. స్థానిక పరిస్థితుల దృష్ట్యా సవరించడమైనది అని చేర్చారు.

“మీరు పాసండీ. ఆ అమ్మాయి మీకన్నా బాగా పాసు,” అన్నారు.

కమిటీ ఆ సవరణని కూడా మెచ్చుకుంది. విదేశీ కొలబద్దని మన నేలకి తగ్గట్టు మార్చుకున్నామట. మంచి గ్రేడే వచ్చింది. ఆ తర్వాత కొన్ని కాలేజీలవాళ్ళు ఉత్తరాలు రాసి మరీ ఆ నలభై వాక్యాలు అడిగి తీసుకున్నారు. ఈ పాటికి ఎక్కడో ఒకచోట పిల్లలు వరసగా ఐదులు వేసుకుంటూనే ఉంటారు.

సోమవారం బస్సు కదిలేముందు నేను పిల్లల ముందు నిలబడి, గురువారం నేను చెప్పింది అబద్ధమనీ, మాది ఫలానా చోటనీ చెప్పాను. రెండు వాక్యాలే. వెనక సీట్లోంచి పెడన అమ్మాయి, “సార్, ఇప్పుడు ఇరవై మూడో దానికి ఎన్ని వేసుకుంటారు?” అంది. బస్సంతా నవ్వింది, నేనూ నవ్వాను. రెండు వేసుకుంటానని చెప్పాను.

రెండో వారం పర్యవేక్షణకి ఆర్టీసీ బస్సులో ఒక్కణ్ణే పాలెం వెళ్ళాను. తుఫాను షెల్టర్‌లో ఆడవాళ్ళ మీటింగు పెడితే పాలెం చివరి వరస ఇళ్ళవాళ్ళు ఎందుకు రావట్లేదో ఎవరికీ అంతుపట్టలేదు. మా మహాత్ములు అవగాహనా లోపమని రాశారు. పెడన అమ్మాయి ఇంటింటికీ వెళ్ళి, ఎవరి పక్కన ఎవరు కూర్చోరో మొహం మీదే అడిగి తెలుసుకుని, మీటింగుని రెండు వరసల మధ్యనున్న వలల షెడ్డులోకి మార్పించింది. ఆ రోజు షెడ్డు నిండింది. “ఈ పిల్ల అడక్కముందే తన ఊరూ పేరూ ఇల్లూ వాకిలీ అంతా చెప్పేసింది బాబూ, ఇంకేం అడగాలో నాకు తోచలా,” అంది పెద్దావిడ నాతో.

నాతో మాట్లాడుతూనే ఆవిడ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని షెడ్డు నుంచి ఇంటిదాకా నడిచింది. గుమ్మం దగ్గర ఆగింది. నేను వెళ్ళి గంప రెండో పక్క పట్టుకుని దించాను. బరువుగానే ఉంది. నలభై ఏళ్ళు ఎలా మోసిందో!

“ఇప్పుడు చెప్పు బాబూ. ఎటేపు?”

“కాలవ అవతలమ్మా. రెండో వరసలో చివరి ఇల్లు. మా అమ్మ నాట్లకెళ్ళేది.”

ఆవిడ కళ్ళు చికిలించి ఆలోచించింది. “గుర్తు రావట్లా బాబూ. ఎన్ని ఇళ్ళో, ఎన్ని చేతులో.” గంప మీద చెయ్యి వేసి, “మీ అమ్మ దించే ఉంటదిలే,” అంది.

వద్దంటున్నా వినకుండా కాగితంలో కాసిని ఎండుచేపలు చుట్టి ఇచ్చింది. కోడూరులో బందరు బస్సు ఎక్కాను. ఇద్దరు పట్టే సీట్లో కిటికీ పక్కన ఇస్త్రీ చొక్కా పెద్దమనిషి ఒకాయన కూర్చుని ఉన్నారు. పలకరించారు.

“ఏ ఊరండీ మీది?”

“మొవ్వండీ. ఊళ్ళో కాదు, కాలవ అవతల పేట.” రెండో ప్రశ్న అడిగే శ్రమ ఆయనకి ఇవ్వదలుచుకోలేదు.

“ఓహో,” అన్నారాయన.

అవనిగడ్డ వచ్చేలోపు ఆయన లేచి, ముందు ఖాళీ అయిన సీట్లోకి వెళ్ళి కూర్చున్నారు. చేపల వాసనకో, ఇంకెందుకో నేను అడగలేదు. కిటికీ పక్కకి జరిగి, చేపల పొట్లం పక్క సీట్లో పెట్టుకుని, బందరు దాకా కాళ్ళు బారజాపుకుని వచ్చాను.